అడుగాకు

మా నాయన ఈశ్వరప్పకు ఈ లోకంలో బాగా తెలిసిన చెట్టు ఒక్కటే, టమోటా. పెద్దపంజాణి దగ్గర మా చేనులో ఏ ఆకు ముడుచుకున్నా దాని రోగమేదో, మందేదో గట్టు మీద నిలబడే చెప్పేస్తాడు. మదనపల్లె మార్కెట్టులో కూడా ఆయన మాటకు విలువుంది. మనుషుల రోగాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు వచ్చిన మాట ఒక్కటే, వేడి చేసిందని.

నా చెల్లెలు హరిత కళ్ళు పసుపు రంగుకు తిరిగి బెంగళూరు నుంచి ఇంటికి వచ్చినప్పుడూ అదే అన్నాడు. కామెర్లని తేలాక కూడా ఆస్పత్రి వద్దన్నాడు. మా వైపు కామెర్లకు పసరు తాగించి, ఉప్పులేని పత్యం పెట్టి, తగ్గేదాకా కాచుకోవడం వాడుక. "పసరు పట్టల్లంటే నిదానముండాల" అన్నాడు. అమ్మ మాత్రం రోజూ "కారు మాట్లాడప్పా, తిరుపతికి పోదాం" అని అడుగుతూనే ఉంది. ఆయన కారు మాట్లాడేసరికి పిల్లకు తెలివి తప్పింది. ఇక లేవలేదు.

హరిత తెచ్చిన ఆర్కిడ్ మొక్క మాత్రం పుంగనూరులో మా ఇంటి హాల్లో, కిటికీ పక్కన మిగిలింది. దాని కుండీలో మట్టే లేదు. చెక్క పెచ్చులూ బొగ్గు ముక్కలూ, వాటి మీదుగా బయటికి వేలాడే తెల్లటి లావు వేళ్ళు. పిల్ల పోయాక అమ్మ అన్నం మానేసింది, పలకడం మానేసింది. ఆ మొక్క పూలకాడ వేసిన రోజు మాత్రం దాని పక్కన కూర్చుని ఇంత పెరుగన్నం తినింది. అప్పటినుంచి తిన్నా, నాలుగు మాటలు మాట్లాడినా అక్కడే. అమ్మను మాకు దక్కించింది ఆ మొక్కేనని నాకూ తెలుసు, నాయనకూ తెలుసు. అందుకే దాని ఆకొకటి, అన్నిటికన్నా కిందిది, పండడం మొదలుపెట్టగానే నాకు భయమేసింది.

"ఈ తూరి నిదానం చేసేది లేదు మమతా" అన్నాడు నాయన.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు చూశాను. మదనపల్లెలో ఎరువులంగడికి ఫొటో తీసుకుని పోయాడు. అంగడాయన సత్తువ తక్కువని పొడి ఇస్తే నీళ్ళలో కలిపి పోశాడు. మార్కెట్టులో ఇంకో రైతు వైరస్ అంటే దానికీ ఒక మందు కొట్టాడు. హాలంతా చేను వాసన. చివరికి ఆయన కన్ను వేళ్ళ మీద పడింది.

"వేళ్ళన్నీ బయటే ఉండాయి సూడు. చెట్టు ఎట్ల బతుకుతాది?"

టమోటాకు మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తే బలమొస్తుంది. ఈయన చేనులోంచి ఎర్రమట్టి, పేడ ఎరువు తెచ్చి, చెక్క పెచ్చులు పారబోసి, ఆ వేళ్ళన్నిటినీ పూడ్చి, ఆకుల మధ్య దాకా మట్టి ఎగదోశాడు. "అది మన చేను చెట్టు కాదు నాయనా" అన్నాను. "ఏ చెట్టుకైనా మన్నే గదమ్మా తల్లి" అన్నాడు. ఇక పొద్దునా సాయంత్రం నీళ్ళు. కరువు సీమలో పుట్టినవాడికి, నీళ్ళెక్కువై చచ్చే చెట్టుంటుందంటే నమ్మకమెట్లా కుదురుతుంది?

పై ఆకులూ పండాయి. మొగ్గలు రాలాయి. అమ్మ మళ్ళీ కంచం పక్కకు నెట్టింది.

కుప్పంలో నీరజ అనే ఆమె ఇంట్లోనే ఆర్కిడ్లు పెంచి అమ్ముతుందని విన్నాం. ఈసారి ఎవరూ అడక్కముందే నాయన కారు మాట్లాడాడు. వి.కోట దాటినా కుండీని ఒళ్ళోంచి దించలేదు.

నీరజ మట్టి విదిలించి ఒక వేరును వేళ్ళతో నొక్కింది. పైతోలు ఊడి చేతికొచ్చింది, లోపల దారం లాంటిది మిగిలింది. నడిమాకును పట్టుకుంటే చాలు, ఊడి వచ్చేసింది. మొదలు నల్లగా కుళ్ళి ఉంది.

"ముందు ఏ ఆకు పండిందన్నా?"

"అన్నిటికన్నా అడుగుది."

"అప్పుడు వేళ్ళు ఎట్లుండె?"

"తెల్లగా గట్టిగా ఉండెనమ్మా. మొగ్గలు కూడా ఉండె."

ఆమె చేతులు తుడుచుకుంటూ, చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది.

"అడుగాకు ఒక్కటే పండితే రోగం కాదన్నా. వయసైపోయి రాలతాది, అంతే. నడిమాకు పండితేనే భయం. ఇది అడివిలో మాను మీద పెరిగే జాతి. వేళ్ళకు గాలి కావాల. మట్టిలో తడికి ఊపిరాడక కుళ్ళిపోయినాయి. ఇంక బతకదు."

"ఏమీ చేయకుండా గమ్మునుండింటే?" అన్నాడు నాయన.

"ఈపాటికి పూసిండును."

ఆమె ఇంట్లో అదే రంగుది ఒకటి ఉంది. దాన్ని కొనుక్కుని పోదామని, అమ్మకు తేడా తెలియదని నాయన చెవిలో చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ బిడ్డకు జేయాల్సినప్పుడు గమ్మునుంటి. దీనికి గమ్మునుండాల్సినప్పుడు అన్నీ జేస్తి" అన్నాడు కారులో. "ఎప్పుడు ఏది జేయాల్నో యాడ నేర్పిస్తారమ్మా?"

ఆయన మీద నాకు కోపం. పిల్ల పోయిన రోజునుంచీ ఉంది. ఆ మాటతో జాలి కూడా కలిసింది, నాకది అస్సలు నచ్చలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ కిటికీ పక్కనే కూర్చుని ఉంది. నాయన ఉత్త కుండీని ఆమె ముందు పెట్టి నేల మీద కూర్చున్నాడు.

"దానికి రోగమేమీ లేదంట సరోజా. మట్టి పోసి, నీళ్ళు పోసి నేనే చంపితి."

హరిత పోయినప్పటినుంచి అమ్మ ఆయన్ను ఒక్క మాట అనలేదు. పసరు సంగతి ఎత్తలేదు, కారు సంగతి ఎత్తలేదు. చూసిన చుట్టాలందరూ ఎంత ఓర్పమ్మా అన్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. అమ్మ కుండీ వైపు చూడనైనా చూడలేదు. ఆయన ముఖంలోకే చూసింది.

"దీంతో రెండైనాయప్పా" అంది.