నాలుగు బారల నీళ్లు

రబ్బరు పట్టీ ఒక కొసను ఇనుప కమ్మీకి రెండు ముళ్లు వేసి, గట్టిగా లాగి చూసింది ఆయమ్మ. రెండో కొస టైలరమ్మాయి నడుముకు ఉంది. అమ్మాయి నీళ్లలోకి వాలి ఈదడం మొదలుపెట్టింది. ఎంత ఈదినా జానెడు ముందుకు పోలేదు.

నిజానికి అది ఈత కోసం కట్టిన కొలను కాదు. మోకాళ్ల నొప్పుల ఆసుపత్రిలో రోగులు నీళ్లలో నడవడానికి కట్టిన తొట్టి. నాలుగు బారల పొడవు, రెండు బారల వెడల్పు, గుండెల దాకా లోతు. నాలుగు చేతులు వేస్తే తల గోడకు తగులుతుంది. ఎడమవైపు గోడ, కుడివైపు ఒక్క మనిషి నిలబడేంత గట్టు. ముప్పై ఏళ్లుగా ఆ గట్టు తుడిచేది ఆయమ్మే. వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం రోగులు లేని గంటలో, గడియ పెట్టుకుని తనంతట తాను ఈత నేర్చుకుంది. నడుముకు పట్టీ కట్టుకోవడం అప్పుడు కనిపెట్టిందే. భర్త పోయి అన్నగారింటికి చేరిన రోజులవి. ఆ ఇంట్లో ఏడిస్తే అందరికీ వినబడేది. నీళ్లలో ముఖం పెడితే ఎవరికీ వినబడేది కాదు.

ఆ తర్వాత నర్సులు నేర్చుకున్నారు, నర్సుల చెల్లెళ్లు నేర్చుకున్నారు. "ఆ తొట్టిలో ఈతేంటమ్మాయ్, బట్టలు నానబెట్టినట్టు," అంటుంది వదిన. ఈ ఉదయమూ అంది.

"నానితేనే కదా వదినా మురికి వదిలేది," అని చెప్పులు వేసుకుని వచ్చేసింది.

"పిడికిలి మూసి ఈదు," అంది ఇప్పుడు ఆయమ్మ, గట్టు మీదినుంచి. పిడికిలి మూస్తే నీళ్లు అందవు, ముంజేతితో నెట్టాలి. కాసేపటికి అరచేయి విప్పితే అదే చేయి తెడ్డులా పనిచేస్తుంది. దూరం కొలవడానికి ఇక్కడ దూరమే లేదు కనుక ఊపిర్లు లెక్కపెడుతుంది. అమ్మాయి ఊపిరికి కుడివైపు ముఖం తిప్పినప్పుడల్లా గట్టు మీద ఆయమ్మ చేయి కనబడుతుంది. పది ఊపిర్లకు ఒక వేలు విప్పుతుంది. రెండు చేతులూ రెండుసార్లు నిండితే నాలుగు వందల మీటర్లని ఆమె లెక్క. ఎవరూ కొలిచి చూడలేదు.

ఇవాళ కొలుస్తారు. పదకొండింటికి ఊరి అవతల పెద్ద కొలనులో పరీక్ష. ఈతగాళ్లను కాపాడే ఉద్యోగం. ఆ కొలనుకు ఎనిమిది పొడవులు, అంటే నాలుగు వందల మీటర్లు, పన్నెండు నిమిషాల్లో ఈదాలి, మధ్యలో ఆగకూడదు, వరసల మధ్య కట్టిన తాడు పట్టుకోకూడదు. ఆ ఉద్యోగం వస్తే, బావ దుకాణంలో పది గంటలు మిషను తొక్కి అదే దుకాణం వెనక గదిలో పడుకోవడం అమ్మాయికి తప్పుతుంది. రాకపోతే వచ్చే ఏడు వయసు దాటిపోతుంది.

"చాలు, పైకి రా."

"ఇంకో పది ఆయమ్మా."

"ఉన్న బలమంతా ఈ తొట్టికే పోస్తావా? తొట్టి ఉద్యోగం ఇవ్వదు."

బస్సు దిగి లోపలికి వెళ్లిన ఆయమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కప్పు కింద అన్ని నీళ్లు ఆమె ఎన్నడూ చూడలేదు. అవతలి గట్టు మీది మనుషులు చిన్నగా కనబడుతున్నారు.

"భయమేస్తోందా మీకు?" అంది అమ్మాయి.

"నాకెందుకే, దిగేది నువ్వు."

చూడవచ్చిన వాళ్లను కుడివైపు మెట్ల మీద కూర్చోబెట్టారు. ఈల మోగింది. అమ్మాయి బాగానే అందుకుంది. పట్టీ లేని నడుము తేలిగ్గా జారింది. కానీ మూడో ఊపిరికే తల ఉండవలసిన దానికంటే పైకి లేచింది. మెట్ల వైపు వెతికింది. ఆయమ్మ చేయి తెలియకుండానే గాలిలోకి లేచి ఉంది. అమ్మాయి ఆ వేళ్ల కోసమే చూస్తోంది. తల లేచినప్పుడల్లా కాళ్లు దిగబడుతున్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు మెట్లు అమ్మాయికి ఎడమవైపు అయ్యాయి. అలవాటుగా కుడివైపే తిరిగింది. అక్కడ తెల్లగోడ తప్ప ఏమీ లేదు. తల ఇంకా ఎత్తి వెతికింది. వంకర పోయింది, భుజం తాడుకు రాసుకుంది. పక్క వరసలో ఈదుతున్నావిడ దాటిపోయింది.

"మీ అమ్మాయా?" అన్నాడు పక్కనున్న పెద్దాయన. "తల ఎత్తేస్తోందండీ. నేర్పినవాళ్లది తప్పు."

"అవునండీ. నేర్పినావిడదే," అంది ఆయమ్మ.

ముప్పై ఏళ్లలో తనకీ తట్టలేదు. నిలబడడానికి వేరే చోటు లేక ఆమె కుడివైపే నిలబడింది, అందరూ ఆమెను చూస్తూనే ఊపిరి తీసుకున్నారు. వేళ్లు ముడిచింది. మూడో పొడవుకు అమ్మాయి మలుపు తిరిగేలోగా లేచి, మెట్ల చివర ఉన్న స్తంభం వెనక్కి వెళ్లి నిలబడింది. అక్కడినుంచి నీళ్లు కనబడవు.

స్తంభానికి వీపు ఆనించి వింటూ ఉండిపోయింది. మొదట అంతా కలగాపులగపు చప్పుడు. కాసేపటికి అందులో ఒకటి విడిగా తెలిసింది, నీళ్లను కొట్టకుండా లాగే చేయి. అది ఒకే తీరున వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. తొంగిచూడాలని రెండుసార్లు అనిపించింది. మోకాలు లాగుతుంటే కాలు మార్చుకుంది. అంతే. చివరి ఈల మోగాక ఎవరో చప్పట్లు కొట్టారు.

పదకొండున్నర నిమిషాలు పట్టిందట. అమ్మాయి తువ్వాలు భుజాన వేసుకుని వెతుక్కుంటూ వచ్చింది.

"ఎక్కడికి పోయారు? మొదట ఎంత చూశానో."

"తర్వాత?"

"తర్వాత చూడ్డం మానేశా."

"అదీ," అంది ఆయమ్మ.

"నెగ్గినవాళ్లని సాయంత్రం బండికే పంపుతారట, సముద్రం దగ్గర శిక్షణకి. ఆర్నెల్లు. సగం కుట్టిన చొక్కాలు ఎవరు పూర్తి చేస్తారంటాడు మా బావ."

"ఆయనకి చేతుల్లేవా?"

అమ్మాయి నవ్వింది. తడి చేత్తో ఆయమ్మ మోచేయి పట్టుకుని, లోపల పిలిస్తే వదిలి పరుగెత్తింది.

నాలుగింటికి మోకాళ్ల రోగులు వచ్చి, గోడ పట్టుకుని నడిచి, వెళ్లిపోయారు. ఆయమ్మ గట్టు తుడిచి, గడియ పెట్టి, నీళ్లలోకి దిగింది. ఎప్పుడూ తిరగని ఎడమవైపు, గోడ వైపు తల తిప్పి ఊపిరి తీసుకోబోతే ముక్కులోకి నీళ్లు పోయాయి. దగ్గింది. మళ్లీ తిప్పింది.

చీకటి పడకముందే పైకి వచ్చి బట్టలు మార్చుకునే మూలకు వెళ్లింది. అక్కడ మేకుకు, పొద్దున టైలరమ్మాయి మరిచిపోయిన కొలతల టేపు వేలాడుతోంది. మొదటి అంకెలు వేళ్ల రాపిడికి చెరిగిపోయాయి, చివరి అంకెలు ఇంకా కొత్తగానే ఉన్నాయి.