అంటు కట్టినవారు

ఆదివారం చేయాల్సిన పనులు కాగితం మీద రాసుకుని మైలవరంలో పెదనాన్న ఊరికి బస్సెక్కాను. ఆయన పాత కంప్యూటర్లోని ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీయాలి. విండోస్ తీసేసి, పాత కంప్యూటర్లలోనూ నడిచే లైనక్స్ ఎక్కించాలి. తెలుగు కీబోర్డు పెట్టాలి. అక్షరాలు పెద్దవి చేయాలి. పెదనాన్న చేత తనంతట తనే ఆన్ చేయించాలి. చెట్ల లిస్టు ప్రింటు తీసి, సోమవారానికి సుభాష్ గారికి అందించాలి.

మా పెదనాన్న సాంబయ్య చాట్రాయి దగ్గర సుభాష్ గారి మామిడితోటలో నలభై ఏళ్లు పనిచేశాడు. ఏ చెట్టు చిన్నరసమో, ఏ చెట్టు చెరుకురసమో ఆయనకే తెలుసు. రకం పేరూ, అంటు కట్టినవారి పేరూ రాసి చెట్టుచెట్టుకీ బోర్డు పెడతాం, లిస్టివ్వమన్నారు సుభాష్ గారు. అది పెదనాన్న పాత కంప్యూటర్లో ఉంది.

ముందు వారం నూజివీడులో కంప్యూటర్ షాపతను దాన్ని చూసి, "దీనికిక అప్‌డేట్లు రావమ్మా. తుక్కులో వేసెయ్యండి. అయినా ఈ వయసులో ఆయనకెందుకు?" అన్నాడు.

పెదనాన్నకి ఒళ్లు మండింది. "కాపు తగ్గిందని చెట్టు పీకేస్తామేంటయ్యా? మోడు కొట్టి కొత్త అంటు కడతాం." బయటికొచ్చాక నన్నడిగాడు: "కడతావా?"

"కడతాను పెదనాన్నా."

లైనక్స్ గంటలో ఎక్కింది. లిస్టు తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు. ఎప్పుడో డీటీపీ సెంటర్లో పాత ఫాంటుతో కొట్టించిన ఫైలది. నేను ముందే చూసుకోవాల్సింది.

"మార్చే ప్రోగ్రాం ఉంది పెదనాన్నా, సరిచేస్తాను."

"వద్దులే అనూషా. అది తప్పుడు లిస్టే. అంటు కట్టినవారు అన్నచోట మొత్తం సుభాష్ బాబు వాళ్ల నాన్నగారి పేరు కొట్టించారు. ఆ దశరథరామయ్య గారు ఏనాడూ అంటు కత్తి ముట్టుకోలేదు. మీ పెద్దమ్మ పక్కనే నిలబడుంటే నేను నోరు మూసుకున్నాను."

కనకమ్మ పెద్దమ్మ పోయి మూడేళ్లు. ఆ తోటలో సగం అంట్లు ఆవిడ చేతివే.

నన్ను కుర్చీలోంచి లేపి తను కూర్చున్నాడు. కళ్లు మూసుకుని మనసులోనే తోట వరసలో నడవడం, కళ్లు తెరిచి ఒంటివేలితో కొట్టడం. "నాలుగో వరస, ఆరో చెట్టు. చెరుకురసం. కనకమ్మ." ఒకసారి కొట్టింది కాపీ చేసుకోవచ్చని చూపించాను. రకాల పేర్లు కాపీ చేసుకున్నాడు. పెద్దమ్మ పేరు మాత్రం ప్రతిసారీ అక్షరం అక్షరం కొట్టాడు. పొద్దు వాలేసరికి తొంభై ఆరు చెట్లు, యాభై ఒక్క కనకమ్మలు.

సోమవారం సుభాష్ గారు కాగితం తిరగేసి, "ఇదేంటి సాంబయ్యా, నాన్నగారి పేరేది?" అన్నారు.

"పైనుందండి, తోట యజమాని అని."

"పనివాళ్ల పేర్లు బోర్డుల మీదెందుకు? పాత లిస్టివ్వు."

"అది మా కంప్యూటర్లో తెరుచుకోదండి."

ఆయన నా వైపు తిరిగారు. "చదువుకున్నావుగా అమ్మాయ్, మార్చలేవా?"

"మార్చగలనండి. మార్చను."

మా కుటుంబంలో ఆయన ముందు అలా మాట్లాడినవాళ్లు లేరు. పెదనాన్న నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఇదేనండి లిస్టు. పెడితే ఇలాగే పెట్టండి. లేదంటే మానెయ్యండి."

బోర్డులు ఇంకా పెట్టలేదు. పెడతారో లేదో తెలియదు. మీ చేతికి ఎప్పుడైనా చాట్రాయి వైపు చెరుకురసం మామిడి వస్తే, తినేముందు ఒక్క పేరు తలుచుకోండి. కనకమ్మ.