చెక్‌పోస్టు దాటిన తెగులు

కొండల్లోని ధమార్ నుంచి రేవుపట్నం ఏడెన్ వెళ్లే దారిలో చెక్‌పోస్టు కనిపించేసరికి తఖియ్యా సంచి ఒళ్లోకి లాక్కుంది. అందులో కాగితం కవర్లున్నాయి. వాటిలో తెగులు సోకిన గోధుమ కాడలు. వ్యవసాయ శాస్త్రవేత్తగా ఏళ్ల తరబడి గోధుమ తెగుళ్లు చూస్తున్న ఆమెకే ఈ తుప్పురంగు పొడి కొత్తగా తోచింది. తెగులు తట్టుకుంటుందని ఊరూరా పంచిన విత్తనపు పైరునే అది తినేస్తోంది. అదేమిటో తేల్చే ప్రయోగశాల యుద్ధంలో పడ్డ ఆ దేశంలో మిగల్లేదు. ఏడెన్ చేరిస్తే అక్కణ్ణుంచి విమానంలో తుర్కియేలోని ఇజ్మీర్‌కు, అక్కడి శాస్త్రవేత్త నూర్‌గుల్ దగ్గరికి వెళతాయి. పొడి గాలికెగిరి సముద్రాలు దాటేది కాబట్టి ఇథియోపియా, ఈజిప్టు, ఇరాన్ వాళ్లు కూడా ఆ జవాబు కోసమే కాచుకుని ఉన్నారు.

"నువ్వు మాట్లాడకు డాక్టరమ్మా. నేను చూసుకుంటా," అన్నాడు డ్రైవర్ ముక్బిల్, బుగ్గన మత్తునిచ్చే ఖాత్ ఆకు సర్దుకుంటూ.

చూసుకోలేకపోయాడు. సైనికుడు సంచి బోర్లించాడు. ఒక కవరు చింపగానే ఎర్రటి పొడి అతని వేళ్లకంటింది.

"ఏంటిది? పైన ఈ పరాయి రాతేంటి?"

"గోధుమ తెగులు నాయనా. పరీక్షకు తుర్కియే పంపుతున్నా."

"మన తెగులు వాళ్లకెందుకు? మన గుట్టు చేరవేస్తున్నావా?"

"ఈ ఏడు మన చేలో ఉన్నది వచ్చే ఏడు వాళ్ల చేలో ఉంటుంది. అందుకని."

"విషం కాదని నమ్మకమేంటి? నాలిక మీద వేసుకో, చూస్తా."

"అయ్యా, పెద్దావిడ..." అనబోయాడు ముక్బిల్. అప్పటికే ఆమె చిటికెడు పొడి నోట్లో వేసుకుంది. విషం కాదని తెలుసు. నాలిక చాచి అతనికి చూపించింది.

సైనికుడు నవ్వాడు. "మా ఆవిడ వంటకన్నా నయమేనా పిన్నీ?" అంటూ రెండు కవర్లు తన దగ్గరే ఉంచుకుని, ఆమె పేరూ ఊరూ రాసుకుని, దారికడ్డంగా ఉన్న గొలుసు దించమన్నాడు.

ఆ రాసుకోవడమే ఆమెను వెంటాడింది. మిగిలిన కవర్లు ఏడెన్ చేర్చి ఇంటికొచ్చాక, తలుపు చప్పుడైతే కిటికీ సందులోంచి చూడనిదే గడియ తీసేది కాదు.

కొన్ని వారాలకు నూర్‌గుల్ ఫోన్ చేసింది. "నువ్వనుకున్నదే తఖియ్యక్కా, కొత్త రకం. మా గోధుమ రకాల్లో సగం దాన్ని తట్టుకోలేవు. అందరికీ హెచ్చరిక పంపుతున్నాం. పరిశోధన వ్యాసంలో మొదటి పేరు నీదే."

యుద్ధం రాకముందు నుంచీ ఆమె కోరుకున్నది అదే.

"వద్దు," అంది తఖియ్యా.

"అదేంటక్కా! నువ్వు లేకపోతే ఇది బయటపడేదా?"

"నా పేరు ఒకచోట ఇప్పటికే రాసుకున్నారు. మీ పేర్ల పక్కన కూడా కనబడిందంటే మళ్లీ ఆ దారిన పోలేను. పొలం ఏ ఊరిదో మాత్రం తప్పు రాయకండి."

ఊరి పేరు అక్షరం అక్షరం చెప్పించుకుని రాసుకుంది నూర్‌గుల్. తర్వాత మెల్లగా అడిగింది: "మీకు ఉత్తరాన ఉన్న ఊళ్లలో కూడా ఉందేమో చూడాలంటున్నారు ఇక్కడ. అక్కడి కాడలు పంపగలవా?"

తఖియ్యా కిటికీలోంచి వీధిలోకి చూసింది. ఎవరూ లేరు. "కోతలు కాకముందే వెళ్లాలి," అంది.

బండి కావాలంటే ముక్బిల్ తిట్టాడు, బతిమాలాడు, చివరికి వస్తానన్నాడు. కొత్త కవర్లు మడుస్తున్నంతసేపూ ఆమె చెవి తలుపు వైపే ఉంది.