ఎనిమిదో మంచం దాకా

ఫరీదాబాద్‌లోని ఓ ఆసుపత్రి పిల్లల వార్డులో, ఒకటో మంచం మీది బాబుకి వచ్చింది ఆటలమ్మ అని రెండు రోజుల దాకా ఎవరికీ అంతుపట్టలేదు. రెండు వారాలు తిరిగేసరికి ఎనిమిదో మంచం పాపకీ పోసింది. మధ్యలో ఉన్న ఆరుగురికీ ఏమీ కాలేదు. ఆ ఇద్దరినీ చూసుకున్నది కొత్త నర్సు అక్సా. ఇంకేముంది, చేతులు కడుక్కోలేదని నింద ఆ పిల్ల నెత్తిన పడింది. సోమవారం విచారణ. ఉద్యోగం ఊడేలా ఉంది.

ఈ మాట హెడ్ సిస్టర్ జ్ఞానకుమారికి మింగుడుపడలేదు. తోలు ఊడేలా చేతులు కడిగే పిల్ల అది. అందుకే ఆదివారం చర్చి నుంచి సరాసరి మరిది నోయల్‌ని వార్డుకి లాక్కొచ్చింది. అతను నోయిడాలో ఏసీ గాలి లెక్కలు కట్టే కంపెనీలో ఇంజనీరు. క్రిములు చావడానికి మందు చల్లేందుకు ఖాళీ చేసిన వార్డులో వస్తువులన్నీ ఆనాడున్నట్టే పెట్టించి, నేల మీద సుద్దతో తొంభై ఆరు గళ్ళు గీశారు. ఒక్కో గడిలో అతను మీటరుతో గాలి వేగం చూస్తే, కర్రకి కట్టిన కుట్ల దారం ఎటు ఎగురుతోందో ఆవిడ చెప్పింది.

అంకెలన్నీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించాక గాలి ఎటు పోతోందో చూపే బాణాలు తెర నిండా వచ్చాయి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది.

"ఈ గోడ ఇటుకలదయ్యా. గాలి అందులోకి ఎట్టా పోద్ది?"

నోయల్ నాలుక కరుచుకున్నాడు. అడ్డం అంకెలు నిలువులో, నిలువువి అడ్డంలో వేశాడు. సరిచేసి, ఒకటో మంచం దగ్గర్నుంచి గాలి దారులు గీయమన్నాడు.

చిక్కు తీసి దువ్విన జుట్టులా గీతలు సాగాయి. ఆరు మంచాలనూ తప్పించుకుని నడవలోకి జారి, తలుపు దగ్గర ఒంపు తిరిగి, ఎనిమిదో మంచం చుట్టూ సుళ్ళు పడ్డాయి. ఒక్కటీ దారి తప్పలేదు. జ్ఞానకుమారి తెర మీదికి వంగింది.

"ప్రభువా," అంది మెల్లగా. "ఇరవై రెండేళ్ళ నుంచి ఈ గాల్లోనే తిరుగుతున్నాను. దీనికి ఇన్ని దారులున్నాయని తెలీదు."

"జబ్బు గాల్లో పోయింది, చేతుల మీద కాదు. అక్సా బయటపడ్డట్టే వదినా."

"ఇటు తోసిందేంటి దీన్ని?"

అతను మొదటి మంచం పక్కనున్న టేబుల్ ఫ్యాన్ ఆపాడు. గళ్ళన్నీ మళ్ళీ కొలిచారు. ఈసారి గీతలన్నీ తిన్నగా కిటికీలోంచి బయటికి పోయాయి.

ఆ ఫ్యాన్ ఆవిడదే. జ్వరంతో కాలిపోతూ బాబు ఏడుస్తుంటే చూడలేక, రూలు ఒప్పుకోదని తెలిసీ తన గదిలోంచి తెచ్చి పెట్టింది.

"ఫ్యాన్ మాట ఎత్తకండి వదినా. గీతలు చూపిస్తే చాలు," అన్నాడు నోయల్.

ఫ్యాన్ ఉన్నప్పటి గీతల్ని ఆవిడ కాగితం మీద అచ్చు తీయించింది. భయం వేసింది, కానీ కళ్ళు తిప్పుకోలేకపోయింది.

సోమవారం డాక్టర్ల ముందు ఆ కాగితం పరిచి, గీతలు మొదలైన చోట వేలు పెట్టింది.

"ఇక్కడున్న ఫ్యాన్ నాది సార్. చూడండి, దాని గాలి ఎంత దూరం వెళ్ళిందో."