ఒకే అంకె, రెండు చేలు

ఆ ఇంటి పెద్దాయన్ని చాటుగా అందరూ సర్వజ్ఞుడు అనేవారు. ఆయన తమ్ముడి భార్య మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసేది. చేలు ఉమ్మడివి, పెత్తనం మాత్రం ఆయనదే.

ఒకరోజు ఆయన నేల పులుపు కొలిచే, పెన్నులాంటి పీహెచ్ మీటరొకటి కొనుక్కొచ్చాడు. ఇక చూడాలి ఆ దర్జా! దాన్ని చొక్కా జేబుకు తగిలించుకుని, రోగుల్ని చూడబోయే పెద్ద డాక్టరులా గట్ల మీద తిరిగాడు. మట్టి నీళ్లలో కలిపి గుచ్చి చూశాడు. ఎగువ ఇసుక చేనుకీ, దిగువ బంకమట్టి చేనుకీ ఒకే అంకె వచ్చింది.

"రెండూ పులుపెక్కిన నేలలే. పులుపు విరగడానికి రెంటికీ సమానంగా సున్నం చల్లించేస్తున్నా," అన్నాడు భోజనాల దగ్గర.

"నేల పులిసిందని మాత్రమే అది చెబుతుంది బావగారూ. ఎంత సున్నం పడుతుందో చెప్పదు," అంది మరదలు. "బంకమట్టి లోలోపల ఇంకా బోలెడు పులుపు దాచుకుంటుంది. ల్యాబులో రసాయనం కలిపి చూస్తేగానీ అది బయటపడదు."

"మీ ల్యాబువాళ్లకు పనిలేకపోతే నా చేలే దొరికాయా?"

ఆమె భర్త తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. అన్నగారి ముందు ఆయన నాలుక ఎప్పుడూ సెలవు మీదే ఉంటుంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

సెలవురోజున ఆమే పార పట్టుకెళ్లి, రెండు చేలలోనూ అక్కడక్కడా తవ్వి మట్టి తెచ్చి పరీక్ష చేసింది. ఎగువ చేనుకి కాస్త సున్నం చాలు. దిగువ చేనుకి దానికి ఎన్నో రెట్లు కావాలి. పరుగున వచ్చి చెప్పేసరికి బావగారు ముఖం నిండా తెల్లటి పొడితో, బూజు పట్టిన విగ్రహంలా నిలబడి ఉన్నాడు. చల్లడం అయిపోయింది.

సున్నం ఎక్కువై ఎగువన చిక్కుడు ఆకులు పసుపెక్కాయి. అదే సున్నం చాలక దిగువన మొక్కలు గిడసబారిపోయాయి.

"కల్తీ సున్నం అంటగట్టాడు వెధవ!" అని బావగారు కొట్టువాణ్ణి తిట్టిపోశాడు.

అప్పుడు తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, వచ్చే పంటకి దిగువ చేను మేం చూసుకుంటాం."

ఆమె నమ్మలేనట్టు భర్త వైపు చూసింది. తన లెక్క ప్రకారం మిగతా సున్నం వేయించి, బాగా కలియదున్నించింది. మరుసటి పంటకి దిగువన చిక్కుడు తీగలు విరగకాశాయి.

బావగారు పక్క చేను రైతును వెంటబెట్టుకొచ్చి గట్టు మీద నిలబడ్డాడు. "ఈ నేల మొదట్నుంచీ బంగారమేనయ్యా. అసలు దీనికి సున్నమే అక్కర్లేదు!"

కాయలు కోస్తున్న మరదలు ఆయన ముఖం మీదే పకపకా నవ్వింది.