చెట్టుకు జామీను

నాకు నోరు ఆగదు. అదే నా జబ్బు. ఈస్టర్ ముందు శనివారం నాడు ఆ నోరే నన్ను ఏడాది పొడుగునా కుదురుగా కూర్చోనివ్వకుండా చేసింది.

మా పెరట్లో ఉన్నది ఒకటే పెకాన్ చెట్టు, అక్రోటు లాంటి పెంకు కాయలు కాసేది, మా తాత నాటినది. ఇంట్లో పెరటి వైపు గది నాది, మిగతాది మా తమ్ముడు చోన్‌ది, చెట్టు ఇద్దరిదీ. ఆ శనివారం బాగా కాయాలని చెట్టును బెదిరించడం మా కొవావీలా రాష్ట్రపు పల్లెల్లో అలవాటు. ఒకరు గొడ్డలి ఎత్తి, "కాస్తావా, నరకమంటావా?" అని అడగాలి. ఇంకొకరు చెట్టు వెనక నిలబడి, "వద్దు బాబూ, కాస్తుంది, నేను జామీను" అనాలి. అలా మూడుసార్లు. ఆ తర్వాత పదును లేని గొడ్డలి మడమతో మాను మీద చిన్న దెబ్బ వేసి, నవ్వుకుంటూ రొట్టెలు తినడానికి లోపలికి పోతాం. మా ఇంట్లో జామీను ఎప్పుడూ నేనే.

ఆ ఏడు చోన్ నవ్వలేదు. గొడ్డలి దించలేదు.

"ఎవరి మాట మీద కాస్తుందక్కా?" అన్నాడు.

"నా మాట మీదరా!"

"కాయకపోతే?"

"కాయకపోతే నరుక్కో. నవంబరులో చచ్చినవాళ్ళ పండుగ నాటికి దీని కింద కాయ కనపడకపోతే మొదలంటా నరికి నీ షెడ్డు వేసుకో. అడ్డం వస్తే నా పేరు ఒడీలియా కాదు."

ట్రక్కు పెట్టుకోవడానికి రేకుల షెడ్డు వేస్తానని వాడు చలికాలమంతా గొణుగుతూనే ఉన్నాడు మరి. నాకు ఒళ్ళు మండింది, అనేశాను. పక్కింటి గోడ మీంచి చూస్తున్న కూకా అవ్వ గబగబా శిలువ గుర్తు వేసుకుంది. ఆవిడ ఎందుకలా చేసిందో నాకు అప్పుడు అర్థమైంది. కిందటేడు మా చెట్టు విరగకాసింది. అంత కాసిన చెట్టు మరుసటి ఏడాది ఒట్టిపోతుందని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

విరగకాసింది అంటే మాటవరసకు కాదు. ఒక మధ్యాహ్నం కాయల బరువుకు తూర్పు కొమ్మ పెళ్ళున విరిగి పడింది. దాని కిందే చోన్ కూతురు చాయోను పడుకోబెట్టే బుల్లి మంచం. అప్పుడే మా మరదలు మక్లోవియా పాలివ్వడానికని పిల్లను లోపలికి తీసుకెళ్ళింది. మంచం తునాతునకలైంది, పిల్లకు చిన్న గీత కూడా పడలేదు. దేవుడు చల్లగా చూశాడనుకుని ఆ కొమ్మ కాయలు కూడా ఏరి బస్తాలకెత్తాం. మళ్ళీ ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. మంచం ముక్కల్ని పొయ్యిలో పెడతానంటే మాత్రం చోన్ నా మీద అరిచాడు.

నేను పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నవి ఒక గది, దానికో కిటికీ, కిటికీకి ఎదురుగా ఆ చెట్టు. పొద్దున్నే కళ్ళు తెరిస్తే అది కనపడాలి నాకు. నోటి తొందరతో దాన్నే పణంగా పెట్టాను.

ఇంక అప్పట్నుంచి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. పొయ్యి బూడిద తెచ్చి పోశాను. మేకల ఎరువు మోశాను. కాలవ నీళ్ళు మా వంతు వచ్చిన రోజున మిరప మొక్కల్ని ఎండగట్టి మొత్తం చెట్టుకే పెట్టాను. చిగురుతో పాటు పూత వచ్చింది. మామూలుగా ఆకుపచ్చ తోకల్లా గుత్తులు గుత్తులుగా వేలాడాల్సిన పూత, ముసలాడి గడ్డంలా అక్కడొకటి ఇక్కడొకటి వచ్చింది.

"ఎందుకే ఆ తిరుగుడు?" అంది కూకా అవ్వ గోడ మీద మోచేతులు ఆనించి. "కవలల్ని కన్నదాన్ని మర్నాడే మళ్ళీ కనమంటావా? ఒంట్లో ఉన్న సత్తువంతా కిందటేడు కాయలకు ఊడ్చిపెట్టింది. కొంచెం ఊపిరి తీసుకోనీ."

"నువ్వు ఊరుకో అవ్వా. నీ చెట్టుకేం, నీ ఇష్టం. నా చెట్టు మెడ మీద కత్తి ఉంది."

"కత్తి పెట్టిందెవరో?"

వీధి వీధీ తిరిగి గోడల మీంచి తొంగి చూశాను. ఎవరి పెరట్లోనూ కాయ లేదు. ఊళ్ళో చెట్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే మానుకున్నాయి. "ఏటా కాస్తే ఉడతలూ కాకులూ మరిగిపోవూ? ఒక ఏడు వాటి కడుపు మాడ్చి, మరుసటేడు అవి తినలేనంత కాస్తాయి. చెట్లకు నీకంటే తెలివెక్కువ ఒడీలియా" అన్నాడు మాంసం కొట్టువాడు. ఏది నిజమో ఎవరికి తెలుసు? నాకు కావలసింది కారణం కాదు, కాయ.

ఎండాకాలమంతా కొమ్మల్లోకి చూసీ చూసీ మెడ పట్టేసింది. చోన్ కూడా చూసేవాడు. రోజూ సాయంత్రం ట్రక్కు దిగగానే మొహం కూడా కడుక్కోకుండా చెట్టు కిందికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసేవాడు. చూసి, తృప్తిగా తలాడించుకుని వెళ్ళేవాడు. నరకడానికి దారి దొరికిందని సంబరపడుతున్నాడనుకునేదాన్ని. ఆగస్టులో పిల్లకు కొత్త మంచం చేయించి వాడే తెచ్చి చెట్టు కింద వేశాడు. నరకబోయేలోపు నీడ కూడా పిండుకుంటున్నాడు వెధవ, అనుకున్నాను.

పండుగ దగ్గరపడింది. చెట్టు కింద ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. ఇంక ఆగలేక బస్సెక్కి పట్నం సంతకు పోయి పెకాన్ కాయలు ఒక సంచీ కొన్నాను. పండుగ నాడు పొద్దున్న అందరూ సమాధులు శుభ్రం చేయడానికి వెళ్తే, తలనొప్పని ఇంట్లో ఉండిపోయి వాటిని చెట్టు కింద చల్లాను. సహజంగా ఉండాలని కొన్నిటి మీద ఆకులు కూడా కప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చోన్ వచ్చాడు. చేతిలో గొడ్డలి. కింద చూసి ఆగిపోయాడు. మొహంలో రక్తం లేదు.

"ఇవెక్కడివక్కా?"

"చెట్టు కింద ఉంటే ఎక్కడివంటావేంటి? నా మాట నిలబెట్టింది."

వాడు వంగి రెండు కాయలు గుప్పిట్లో పెట్టుకుని నొక్కాడు. పటుక్కున విడిపోయాయి. నా ప్రాణం అక్కడే పోయింది. మాది నాటు చెట్టు. దాని కాయ చిన్నది, రాయి పెట్టి కొడితే గానీ పెంకు పగలదు. నేను కొన్నవి పెద్ద తోటల్లో అంటుకట్టిన చెట్ల కాయలు, పెంకు కాగితమంత పల్చన. పుట్టినప్పట్నుంచీ ఆ కాయలు తిన్నదాన్ని, కొనేటప్పుడు ఆ మాట తట్టనే లేదు.

"పెంకు పల్చబడిందేంటక్కా?"

"పెంకు కాదురా, మీ అక్కకు బుర్ర పల్చబడింది," అంది గోడ మీంచి కూకా అవ్వ. మక్లోవియా నవ్వాపుకోలేక పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "నరుకు! నరికి నీ షెడ్డు వేసుకో!"

చోన్ గొడ్డలి పక్కన పడేసి మంచం అంచున కూలబడ్డాడు. "షెడ్డు ఎవడిక్కావాలక్కా, అది చెట్టు కొట్టడానికి ఒక సాకు. ఆ పెళ్ళుమన్న చప్పుడు ఇంకా నా చెవుల్లోంచి పోలేదు. కాయ పట్టిందేమోనని రోజూ వచ్చి చూసేవాణ్ణి. పట్టలేదని తేలాక గానీ నాకు కూడు సయించలేదు. అప్పుడే కదా పిల్ల మంచం తెచ్చి వేసింది! నువ్వేమో కాయమని బూడిద పోస్తూ కూర్చున్నావు."

"మరి చెప్పొచ్చు కదరా!"

"కాసే చెట్టంటే భయమని చెప్పుకోమంటావా? ట్రక్కు తోలేవాణ్ణి. ఊరు నవ్వదూ?"

కాయలేదని నరుకుతాడేమోనని నేను, కాస్తుందేమోనని వాడు. ఏడాదంతా ఒకే చెట్టును చూస్తూ ఇద్దరం బిక్కుబిక్కుమంటూ బతికాం.

"ఈ ఏటికి సరే," అన్నాను కళ్ళు తుడుచుకుని. "వచ్చే ఏడు రెట్టింపు కాస్తుంది. అప్పుడో?"

వాడు లేచాడు. గొడ్డలి తీసుకెళ్ళి గోడకు ఆనించాడు. చలికాలమంతా అది అక్కడే ఉంది. పొద్దున్నే కిటికీ తీస్తే ముందు దాన్నే చూసేదాన్ని. ఒకరోజు మాత్రం కొండ వైపు వెళ్ళినవాడు ట్రక్కు నిండా పంగల కర్రలు కొట్టుకొచ్చి పెరట్లో పడేశాడు. ఎందుకని నేను అడగలేదు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

ఈసారి ఈస్టర్ ఆలస్యంగా వచ్చింది. శనివారం నాటికి చెట్టు నిండా పూత, ఆకు కనపడనంత పూత. చోన్ దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను వెళ్ళి గొడ్డలి తీసుకున్నాను.

"ఈసారి నేను అడుగుతా. నువ్వు జామీను ఉండు."

"నేనా?"

"ఉంటే ఉండు. లేకపోతే ఈ గొడ్డలి నీ చేతికే ఇస్తా, నువ్వే కానీ."

వాడు పూతను ఇంకోసారి చూసి చెట్టు వెనక్కి వెళ్ళాడు. నేను గొడ్డలి ఎత్తాను.

"కాస్తావా, నరకమంటావా?"

చప్పుడు లేదు. రెండోసారి అడిగాను. చప్పుడు లేదు. మూడోసారీ అడిగాను.

"వద్దక్కా," అన్నాడు మాను వెనక నుంచి. "కాస్తుంది. ఊతకర్రలు పెట్టుకుంటా. నేను జామీను."

"ఎవరి మాట మీదరా?"

"నా మాట మీదే."

గొడ్డలి మడమతో చిన్న దెబ్బ వేసి దించాను. చోన్ ఇవతలికొచ్చి, చాయో మంచం ఎత్తి తెచ్చి, కొమ్మలు అందనిచోట, నా కిటికీ కింద వేశాడు.

"చెట్టుకు నేను," అన్నాడు. "పిల్లకు నువ్వు జామీను."