నవ్వమన్న కబురు

ఎడమ కంటి రెప్పను ప్లాస్టర్ ముక్కతో నుదుటికి అంటించుకుని, కాజాల బాబాయ్ కోటు మీదకు వంగి కూర్చున్నాడు. రెండు సూదులు కనబడుతున్నాయి. ఏది అసలుదో, ఏది దాని కవలో తేల్చుకోవాలంటే తల కాస్త పక్కకు వంచాలి. వంచాడు. సూది గుడ్డలో దిగింది. దారం బిగించి, అంచును బొటనవేలి గోటితో నొక్కి, మళ్ళీ పొడిచాడు.

దర్జీ షాపు వెనక గది అతనిది. ముందు గదిలో మాస్టరు గుడ్డ కత్తిరిస్తాడు, ఇద్దరు మిషన్ల మీద కుడతారు, ఆఖరికి ప్రతి కోటూ వచ్చి ఇతని ఒళ్ళో వాలవలసిందే. గుండీ పట్టే కాజాలు చేత్తో కుట్టడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ గదిలో ఆవిరి ఇస్త్రీ వాసన, నూలు దుమ్ము, సందులోకి తెరుచుకునే ఒక కిటికీ ఉంటాయి.

ఉదయంపూట బాబాయ్ వేరే మనిషి. కొలతలకు వచ్చినవాళ్ళను కడుపుబ్బ నవ్విస్తాడు. బొజ్జ మీద గుండీ పట్టడం లేదని ఒకాయన గొణిగితే, "గుండీ తప్పేం లేదండీ, పాపం అది ఊపిరి బిగబట్టుకుని నిలబడింది" అంటాడు. ఆ కబుర్ల కోసమే పనిలేకపోయినా వచ్చి కూర్చునేవాళ్ళున్నారు. కానీ పొద్దు నడినెత్తి దాటేసరికి అతని రెప్పలు వాలిపోతాయి, మాట ముక్కులోంచి వస్తుంది, దవడ బరువెక్కుతుంది. సాయంత్రానికి ఆ ముఖం మీద ఏ భావమూ నిలవదు.

ఏళ్ళ తరబడి ఇదే వరస. అతని భార్య ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో పనిచేస్తుంది. అతను లేవకముందే వెళ్ళిపోయి, దీపాలు పెట్టాక ఇల్లు చేరుతుంది. అతని నవ్వంతా షాపు తినేసేది. ఆమెకు మిగిలేవి వాలిన రెప్పలూ, మూసిన నోరూ. అడిగే స్వభావం కాదామెది. తనంటే మొగుడికి ఇష్టం లేదని నిర్ధారించుకుని, ఆ దిగులుతోనే వండి పెట్టింది, ఆ దిగులుతోనే పక్క వేసింది.

ఆమధ్య మంచినీళ్ళు గొంతుకు అడ్డంపడి ఉక్కిరిబిక్కిరైతే, ఆమే బలవంతాన పెద్ద డాక్టరమ్మ దగ్గరకు లాక్కెళ్ళింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి నిదానంగా చెప్పింది.

"మెదడు చెప్పిన మాట నరం చివరిదాకా బాగానే వస్తోంది. అక్కడ ఒక రసాయనం బయటికొస్తుంది. దాన్ని అందుకోవడానికి కండరం మీద గ్రాహకాలని ఉంటాయి. మీ ఒంటిని కాపాడాల్సిన రక్షకాలే పొరబడి ఆ గ్రాహకాల మీద పడుతున్నాయి. వాడేకొద్దీ కండరం అలసిపోయేది అందుకే."

"అంటే గుండీలున్నాయి, కాజాలే మూసుకుపోయాయి" అన్నాడు బాబాయ్.

డాక్టరమ్మ నవ్వేసింది. "అంతే. ఈ మాత్ర కాజాల్ని తెరవదు. గుండీని ఇంకాసేపు అక్కడే ఆపుతుంది. వేళకి వేసుకోవాలి, దాచుకుంటే లాభం లేదు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో భార్య కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. "ఇన్నేళ్ళూ నేను మీకు నచ్చలేదనుకున్నానండీ" అంది. కళ్ళు తుడుచుకుని, "పొద్దున అందర్నీ నవ్విస్తారట కదా. ఒక్కసారైనా చూడాలనుంది" అంది. బదులు చెప్పాలని అతనికి ప్రాణం కొట్టుకుపోయింది. అప్పటికే సాయంత్రమైంది, నాలుక తిరగలేదు.

ఆ మాట అప్పటినుంచీ అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. అందుకే ఇవాళ ఉదయం నుంచి నోరు కట్టేసుకున్నాడు. మధ్యాహ్నం మాత్ర వేసుకోకుండా కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మాస్టరు పసిగట్టాడు. "మాత్ర వేసుకున్నావా బావా?"

"దాచా. సాయంత్రం రెండూ కలిపి వేస్తా" అన్నాడు బాబాయ్ ముక్కుతో. "ఇవాళ మా ఇంట్లో కచేరీ."

"డాక్టరమ్మ వేళకి వేసుకోమంది కదా. పైగా నీకు దగ్గు కూడానూ."

"నా నవ్వు ఇన్నేళ్ళూ నీ షాపు తిన్నది. ఒక్క పూట నా పెళ్ళాన్ని తిననీ."

బాబాయ్ మళ్ళీ దగ్గాడు. ఆ దగ్గులో బలం లేదు. కోటు రేపు చూసుకోవచ్చని చెప్పి మాస్టరు అతన్ని పెందలాడే ఇంటికి పంపేశాడు.

మెట్లెక్కుతూ నడుమ రెండుసార్లు కూలబడ్డాడు. ఇంట్లో రెండు కుర్చీలు పక్కపక్కనే, కిటికీకేసి ఉంటాయి. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేకుండా ఏళ్ళుగా అలాగే ఉన్నాయి. అందులో ఒకదాన్ని లాగాడు. కాళ్ళు వణికాయి, చేతులు జారాయి. అయినా గది మధ్యకు లాగి, తన కుర్చీకి ఎదురుగా తిప్పి పెట్టాడు. గ్లాసులో నీళ్ళు పోసుకుని కూర్చుని, ఏ జోకుతో మొదలుపెట్టాలా అని ఆలోచించాడు.

బయట వాన పట్టుకుంది. వీధి దీపాలు వెలగగానే మాత్రలు రెండూ నాలుక మీద వేసుకుని నీళ్ళు తాగాడు. నీళ్ళు ముక్కులోంచి వచ్చేశాయి. మాత్ర ఒకటి కిందపడింది, రెండోది నాలుక కింద చేదుగా కరుగుతూ ఉండిపోయింది. గొంతు మింగనంటోంది. ఊపిరి లోపలికి దిగక పైపైనే తిరుగుతోంది. పక్కింటివాళ్ళను పిలిచాడు. పిలుపు పెదవి దాటలేదు. అప్పుడు భయమేసింది, చాలా భయమేసింది.

ఆమె వచ్చేసరికి అతని తల కుర్చీకి ఆనుకుని ఉంది, రెప్పలు మూసి ఉన్నాయి. రోజూ చూసే సాయంత్రపు ముఖమే. చీకట్లో ఆమె మోకాలు ఎదుటి కుర్చీకి తగిలింది. "దారికడ్డంగా ఇదేంటి" అనుకుంటూ దాన్ని గోడవారకు నెట్టి, తడిసిన సంచి దానిమీద పడేసి, దీపం వేసి పొయ్యి దగ్గరకు వెళ్ళింది. డాక్టరమ్మ మాట విన్నప్పటినుంచీ ఆమె అతను పలకకపోయినా కబుర్లు చెబుతోంది.

"ఇవాళ ఒక పెద్ద డాక్టరుగారి కోటు జేబులో కట్టుడు పళ్ళు దొరికాయండీ. చూసుకోకుండా కోటుతోపాటే ఉతికేశాం. భయపడుతూ పంపిస్తే, ఆయన ఫోన్ చేసి, ఇంత తెల్లగా ఎప్పుడూ రాలేదు, వారం వారం పంపనా అన్నాడు."

బాబాయ్ లోపల విరగబడి నవ్వాడు. నవ్వమన్న కబురు బయలుదేరి, నరాల వెంట ముఖందాకా వచ్చి, అందుకునేవాళ్ళు లేక అక్కడే ఆగిపోయింది.

"నవ్వుతున్నారని తెలుసులెండి" అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

ఆ మాట అతను విన్నాడు. ఆ తర్వాత ఆమె చాలాసేపు మాట్లాడింది. కంచంతో దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆమెకు తెలియలేదు.

మర్నాడు అన్నీ అయ్యాక మాస్టరు గుమ్మం దగ్గర కూలబడ్డాడు.

"తప్పు నాదే చెల్లెమ్మా. మాత్ర దాచుకుంటానంటే నోరు మూసుకుని ఊరుకున్నా. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నవ్వించాలని వాడి ఆశ."

"ఎదురుగానా అన్నయ్యా?"

మాస్టరు తలూపాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. గోడవారన, ఆమె నెట్టిన చోటే, కుర్చీ ఉంది. దాని మీద సంచి ఇంకా తడిగానే ఉంది.